గేజిలో కప్ప

వాల్దీవియాలో వాన పడని రోజుంటే
అదొక వార్త.
అలాంటిది అరవై ఏడు జూన్‌లో పదకొండు పొడిరోజులని
రిపోర్టు చెప్పింది.
రోములో దాన్ని ప్రింటు తీసి గోడకు అంటించాడు.
"అప్పట్లో కరువన్నమాట" అన్నాడు,
తడిసిన గొడుగు నా కుర్చీ మీద దులుపుతూ.

నాకు నమ్మకం కుదరలేదు.
నోటుబుక్కులు నా బల్ల మీదే ఉన్నాయి.
దోన్ ఫిదేల్ ఓయర్సో
రాంకో సరస్సు పక్కన, ఆవుల కొట్టం వెనక
ముప్ఫైరెండేళ్లు
పొద్దున ఎనిమిదికోసారి, సాయంత్రం ఆరుకోసారి
రేకుగొట్టంలోకి వంగి చూసి
పెన్సిల్‌తో రాసినవి.
ఉబ్బిన కాగితం. పొగవాసన, పాలవాసన.

వాన లేకపోతే ఆయన సున్న పెట్టాడు,
గుండ్రంగా, తీరిగ్గా.
ఎండ వచ్చిన సంబరం ఆ సున్న చుట్టూ తిరుగుతుంది.
చూడని పూట ఏమీ పెట్టలేదు.
గడి అలా వదిలేశాడు.
ఎందుకు చూడలేదో దాదాపు ఎప్పుడూ చెప్పలేదు.
ఒక్కచోట మాత్రం, అంచున:
"గేజిలో కప్ప. కొలవలేదు."

ఆ ఖాళీని నేను ఖాళీగానే కొట్టాను,
ఐదు స్పేసులు, పెదాలు కదుపుతూ లెక్కపెట్టి.
నువ్వేమో
సేవ్ నొక్కిన ప్రతిసారీ
వరుస చివర మిగిలిన తెలుపునంతా
అరసున్నంత చప్పుడైనా లేకుండా ఊడ్చేశావు.
ఫైలు రోజురోజుకీ చిక్కిపోతోందని
నాకు నెలన్నర తెలియలేదు.
సాయంత్రం గడి ఊడిపోయిన వరుసను చూసి
లెక్కలు కట్టే ప్రోగ్రాం
పోనీలే అని తనే ఒక సున్న వేసుకుంది.
కప్ప దూరిన పూట కూడా ఎండ కాసినట్టే అయింది.

పిలవని పేరంటానికొచ్చి
వంటింట్లో డబ్బాలన్నీ సర్దిపోయిన చుట్టానివి నువ్వు.
ఇప్పుడు ఉప్పెక్కడుందో నాకే తెలియదు.

వాగు పేరు కియాయ్‌లేయో. దాని కింద ఎర్రగీత.
నా పేరు ఎదెల్మీరా వెంచుయాన్.
ఎదెల్మీరాకి ఏమీ లేదు,
ఇంటిపేరు కింద ఎర్రగీత.
మా తాత పొలం కాగితాల్లో ఆ పేరును
గుమాస్తాలు నాలుగు రకాలుగా రాశారు.
నాలుగింటికీ ఆయన వేలిముద్ర ఒకటే.
నువ్వు ఐదోది చూపిస్తున్నావు,
"ఇదా మీ ఉద్దేశం?" అని మర్యాదగా.

"అందరికీ అలాగే వస్తుంది, వదిలెయ్" అన్నాడు రోములో.
వదల్లేదు.
మధ్యాహ్నం రొట్టె, అవకాడో పక్కకు జరిపి
నీ సెట్టింగుల్లోకి దిగాను.
ఒక ఫైలు మీద, ఇక్కడ ముట్టుకోవద్దు.
దాని పక్కనే ఇంకొకటి, మీ ఇష్టాలు ఇక్కడ రాసుకోండి.
ఆ రెండోది ఇన్నేళ్లూ తెల్లగా పడి ఉంది,
ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.
రాశాను:
చివరి ఖాళీలు కత్తిరించొద్దు.
మొదటి అక్షరం పెద్దది చెయ్యొద్దు.
ఎర్రగీతలు ఈ నోటుబుక్కుల జోలికి రావొద్దు.
ఏదీ పనిచేయలేదు.
ఒక కామా మరిచిపోయాను.
పెట్టాను.
సేవ్.

ఫైలు బరువు తగ్గలేదు.
అంత చిన్న విషయానికి
లేచి కిటికీదాకా నడిచొచ్చాను.

పొడిరోజుల కాగితాన్ని రోములోనే పీకేశాడు,
ఏమీ అనలేదు.
వెనకవైపు చీటీలు రాసుకుంటున్నాడు.

ఆగస్టులో నీ కొత్త వెర్షన్ వచ్చింది.
మళ్లీ ఊడ్చావు, మళ్లీ గీశావు,
నేను రాసినవి ఏ అడుగున తోసేశావో దొరకనే లేదు.
ఈసారి ఆ మూడు లైన్లనీ, కామాతో సహా
పెన్సిల్‌తో ఒక కార్డు మీద రాసి
అరవై ఏడు నోటుబుక్కులో, కప్ప ఉన్న పేజీలో పెట్టాను.
నువ్వు ఎన్నిసార్లు మారినా
కార్డు తీసి, మళ్లీ కొడతాను.
నాకేం తొందర లేదు, ఇంకా పంతొమ్మిదేళ్ల వాన మిగిలి ఉంది.

రేపు అరవై ఎనిమిది.
ఇప్పుడే తిరగేసి చూశాను.
ఫిబ్రవరిలో తొమ్మిది రోజులు చేతిరాత మారింది.
ఏడంకె నడుముకి అడ్డగీత, నొక్కి రాసిన అంకెలు,
రెండోచోట కాగితం చిరిగింది కూడా.
ఎవరో తెలియదు.
ఆ తొమ్మిది రోజుల్లో
ఒక్క గడీ ఖాళీ లేదు.